కిరాయి కాగితం: హవేలిఘనపూర్ నుంచి రాందాస్ చౌరస్తా దాకా

(స్మారకోపన్యాస పాఠం)



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ ప్లీడరు సారును ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఎరుగుదురు. ఆయన పేరు మీ ఎదుటి బ్యానర్ మీదనే ఉంది. నేను మళ్లీ పొగడను. బతికుండగా ఎవరైనా వేదికెక్కి పొగడబోతే కుర్చీలోంచి లేచి బయటికి నడిచే మనిషి ఆయన. ఆయన ఆఫీసు ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్లలో హత్య కేసులవాళ్లు ఎప్పుడో ఒకరు. మిగతావాళ్లంతా గెట్టు తగాదాలు, పాలు పంపకాలు, కిరాయి గొడవలవాళ్లే. అందుకే ఆయనకు నివాళిగా న్యాయం, ధర్మం అంటూ పెద్ద మాటలు చెప్పడం కన్నా కిరాయి చట్టం గురించి మాట్లాడటమే సబబనుకున్నాను.

ఈ విషయం ఇక్కడే, హవేలిఘనపూర్‌లోనే, మాట్లాడటానికి ఒక కారణముంది. 2016 అక్టోబర్ 11న పాత మెదక్ జిల్లా మూడు జిల్లాలైంది. అంతవరకు జిల్లా పేరు మెదక్‌ది, జిల్లా కేంద్రం మాత్రం సంగారెడ్డి. కొత్త జిల్లాతో ఆఫీసులు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, హవేలిఘనపూర్ మండల కేంద్రమైంది. 2022 సెప్టెంబర్‌లో అక్కన్నపేట నుంచి రైలొచ్చింది, 2023 ఆగస్టులో కొత్త కలెక్టరేట్ తెరుచుకుంది, 2024లో మెడికల్ కాలేజీ వచ్చింది. ఇంటి వెనక రెండు గదులు, రోడ్డు మీద రెండు మడిగెలు ఉన్న ప్రతి రైతూ ఈ కొన్నేళ్లలో ఇంటి ఓనరయ్యాడు. ఓనర్లయితే అయ్యారు గాని, చట్టం సంగతి మాత్రం టీ హోటల్లో విన్నంతే. ఆ విన్నదాంట్లో భయపడనక్కరలేనివాటికి భయపడుతున్నారు. నమ్మరానివాటిని నమ్ముతున్నారు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది అంతే.

మొదటి భయం రెంట్ కంట్రోల్. "కిరాయికిస్తే లేవడు, రెంట్ కంట్రోల్ కేసు వేస్తడు, ఇరవై ఏండ్లు తిరగాలె" అన్న మాట ఈ ఊళ్లో నేను చాలాసార్లు విన్నాను. ఆ చట్టం ఎక్కడ వర్తిస్తుందో ముందు చూడాలి. మన దగ్గర దానికి హైదరాబాద్ రాష్ట్రం నాటి 1954 చట్టం మూలం. అటు ఆంధ్ర ప్రాంతంలో మద్రాసువారి 1949 చట్టం ఉండేది. ఆ రెండింటినీ తీసేసి 1960లో భవనాల లీజు, కిరాయి, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం వచ్చింది. రాష్ట్రం విడిపోయాక దాని పేరు ముందు తెలంగాణ చేరింది, లోపలి సరుకు అదే. ఆ చట్టం మొదటి సెక్షన్ చదివితే చాలు: హైదరాబాద్, సికిందరాబాద్ నగరాలకు, రాష్ట్రంలోని మున్సిపాలిటీలకు అది వర్తిస్తుంది. వేరే చోట వర్తించాలంటే ప్రభుత్వం నోటిఫికేషన్ ఇవ్వాలి. మెదక్ మున్సిపాలిటీ. హవేలిఘనపూర్ గ్రామ పంచాయతీ. మెదక్‌లోని రాందాస్ చౌరస్తా నుంచి ఇటు వస్తుంటే మున్సిపాలిటీ హద్దు దాటిన చోట చట్టం మారిపోతుంది, రోడ్డు మాత్రం అదే రోడ్డు. హద్దుకు ఇవతలి ఇల్లు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వస్తుంది.

అయితే మెదక్ బస్తీలో ఇల్లున్నవాళ్ల సంగతేమిటి? అక్కడ కూడా ఆ భయం చాలావరకు పాతబడిపోయింది. దీని వెనక ఒక కథ ఉంది, కాస్త ఓపికతో వినండి.

1960 చట్టంలో 32వ సెక్షన్ ఒక మినహాయింపు ఇచ్చింది. 1957 ఆగస్టు 26న గాని, ఆ తర్వాత గాని కట్టిన భవనాలకు ఈ చట్టం వర్తించదన్నది. కొత్త ఇళ్లు కట్టేవాళ్లకు ఉత్సాహం రావాలని అలా పెట్టారు. పాతికేళ్లు గడిచేసరికి ఆ "కొత్త" ఇళ్లూ పాతబడ్డాయి, మినహాయింపు మాత్రం చెక్కుచెదరలేదు. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. ఒకప్పుడు సబబుగా ఉన్న వర్గీకరణ కాలం గడిచేకొద్దీ అన్యాయం కావచ్చునని ఆ తీర్పు సారం. రాజ్యాంగ పాఠాల్లో ఇప్పటికీ చెప్పుకునే తీర్పు అది, పుట్టింది మాత్రం మన కిరాయి తగాదాలోనే. ప్రభుత్వం ఊరుకోలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో 636 నంబరు జీవో తెచ్చి, కట్టి పదేళ్లు నిండని ఇళ్లకు, నెలకు వెయ్యి దాటిన కిరాయికి మళ్లీ మినహాయింపు ఇచ్చింది. ఆ తర్వాత 2005 సవరణ దాన్ని చట్టంలోకే ఎక్కించింది. కట్టి పదిహేనేళ్లు నిండని భవనం ఈ చట్టం బయట. కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా పట్టణాల్లో 2,000 దాటిన కిరాయి కూడా బయటనే. ఆ కిరాయి ఏ తేదీ నాటిదిగా చూడాలన్న దగ్గర వకీళ్లకు ఇంకా కాస్త పని మిగిలే ఉంది.

ఇవాళ మెదక్‌లో రెండు వేలకు వచ్చే ఇల్లు ఎక్కడుందో మీరే చెప్పండి. బజారులో తాతల నాటి కిరాయి మీద నడుస్తున్న పాత మడిగెలు కొన్ని ఉంటాయి. వాటికి రెంట్ కంట్రోల్ ఉంది. మిగిలినవాళ్లకు ఆ పేరు ఒక బూచి మాత్రమే.

రెండో భయం మరీ లోతైనది. "రాసిస్తే పోతది." కిరాయి చిట్టీ రాయమంటే, రసీదు ఇవ్వమంటే ఓనరు చేయి వెనక్కి లాక్కుంటాడు. ఈ భయం ఇళ్ల చట్టంలోంచి రాలేదు, భూమిలోంచి వచ్చింది. 1950లో హైదరాబాద్ టెనెన్సీ చట్టం వచ్చి కౌలుదార్లలో అర్హులను రక్షిత కౌలుదార్లుగా రిజిస్టరుకెక్కించింది. తర్వాత దాంట్లో 38-ఈ సెక్షన్ చేరింది. తెలంగాణ జిల్లాల్లో అత్యధిక భాగానికి 1973 జనవరి 1 నుంచి ఆ సెక్షన్ అమలై, రక్షిత కౌలుదారు తాను దున్నుతున్న భూమికి పరిమితి మేరకు యజమాని అయ్యాడు. మెదక్ ప్రాంతంలో 38-ఈ సర్టిఫికెట్టు అన్న మాట తెలియని పాత పట్టేదారు కుటుంబం ఉండదు. దున్నేవాడికి భూమి దక్కడం న్యాయమేనని నా అభిప్రాయం. ఇక్కడున్నవాళ్లలో కొందరికి అది రుచించకపోవచ్చు. కాని ఆ చట్టం వ్యవసాయ భూములది. ఇంటికీ, మడిగెకూ దాంతో సంబంధం లేదు. రిజిస్టరులో పేరెక్కితే పొలం పోయిందన్న తాత జ్ఞాపకం మనవడి చేత రెండు గదుల కిరాయికి కూడా కాగితం రాయనివ్వడం లేదు. ఎకరాలు పోయిన ఇంట్లో ఆ భయం ఉండటం సహజమే. కానీ ఆ భయం వల్ల నష్టపోయేది ఇప్పుడు ఓనరే. ఎందుకంటే కాగితం లేనప్పుడు, తాను కిరాయికే ఇచ్చానని రుజువు చేయాల్సిన బరువు ఆయన నెత్తిన పడుతుంది.

దీనికి తోడు పన్నెండేళ్ల సామెత ఒకటుంది. "పన్నెండేండ్లు ఉంటే ఇల్లు వాండ్లదే" అని. కాదు. కిరాయికి వచ్చినవాడు ఓనరు అనుమతితో వచ్చినవాడు. అతని స్వాధీనం ఎన్నేళ్లయినా అనుమతి స్వాధీనమే, యజమాని హక్కును ధిక్కరించిన స్వాధీనం కాదు. పైగా, ఎవరి దగ్గర కిరాయికి దిగాడో ఆ మనిషికి దిగిననాడు హక్కే లేదని కిరాయిదారు ఇంట్లో ఉంటూ అనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. లిమిటేషన్ చట్టంలో పన్నెండేళ్లన్న మాట ఉన్న సంగతి నిజమే. అది కిరాయి ఒప్పందం ముగిసిన రోజు నుంచి ఓనరు స్వాధీనం కోసం దావా వేసుకోవడానికి ఉన్న గడువు. బకాయి కిరాయి వసూలుకు గడువు మూడేళ్లే. జనం పన్నెండును గుర్తుపెట్టుకుని మూడును మరిచిపోయారు. ఐదేళ్ల బకాయి పట్టుకుని వచ్చి, రెండేళ్లది నీళ్లొదులుకోవాలని తెలిసి మొఖం చిన్నబుచ్చుకునేవాళ్లు ప్రతి ప్లీడరుకూ తెలుసు.

ఇక నమ్మకాల సంగతి. అన్నిటికన్నా పెద్దది పదకొండు నెలల బాండ్ పేపరు. వంద రూపాయల స్టాంపు కాగితం, పైన నోటరీ ముద్ర, లోపల "పదకొండు నెలలు" అని ఉంటే ఇక తిరుగులేదనుకుంటాం. దేశమంతా ఈ అలవాటు ఎందుకుందంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఏడాదికి ఒక నెల తగ్గిస్తే రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుంది. కాని మన దగ్గర, ఉమ్మడి రాష్ట్రంలో, 1999లో ఆ నిబంధనను సవరించారు. ఏడాది అన్న హద్దు తీసేసి, స్థిరాస్తి లీజులన్నిటినీ రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చారు. అంటే ఢిల్లీలో పనికొచ్చే పదకొండు నెలల ఉపాయం మెదక్‌లో పనికిరాదు. ఇరవై ఐదేళ్లు దాటినా ఈ సంగతి మన స్టాంపు వెండర్లకు గాని, టైపు చేసిచ్చేవాళ్లకు గాని పట్టలేదు. కంప్యూటర్‌లో పాత నమూనా ఉంది, పేర్లు మార్చి ప్రింటు తీస్తారు.

అయితే ఆ కాగితం చిత్తు కాగితమా అంటే అదీ కాదు. రిజిస్టరు కాని కిరాయి పత్రంలోని షరతులను, అంటే గడువు, ఏటా పెంపు, జరిమానా లాంటివాటిని కోర్టు రుజువుగా తీసుకోదు. కాని ఈ మనిషి ఈ ఇంట్లోకి ఏ హోదాలో వచ్చాడన్న పక్క విషయానికి దాన్ని చూస్తుంది. అదీ సరైన స్టాంపు సుంకం కట్టి ఉంటేనే. సుంకం తక్కువైతే, లోటుతో పాటు పెనాల్టీ కట్టేదాకా దాన్ని ఏ పనికీ ముట్టుకోరు. ఆ పెనాల్టీ లోటుకు పదింతల దాకా పోవచ్చు. కాగితం పక్కకు పోయినా కిరాయి సంబంధం పోదు. తాళం ఇచ్చారు, అతను దిగాడు, నెలనెలా కట్టాడు గనక అది నెలవారీ కిరాయి అవుతుంది. నోటరీ చేసేది సంతకం ఫలానావారిదేనని చెప్పడం మాత్రమే. దాన్ని రిజిస్ట్రేషన్‌తో సమానమనుకోవద్దు. మడిగె మూడేళ్లకో ఐదేళ్లకో ఇచ్చేవాళ్లు, ఏటా ఇంత శాతం పెంచుకుందామనుకునేవాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కక తప్పదు. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది ముందే మాట్లాడుకోండి.

నెలవారీ కిరాయి అయితే ఖాళీ చేయించడం ఎట్లా? ఇక్కడ 1882 చట్టం ఓనరుకు అనుకూలమే. 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు ఇస్తే చాలు. రెంట్ కంట్రోల్ వర్తించని చోట కారణం చూపించనక్కరలేదు. నా కొడుక్కు పెళ్లవుతోంది, ఇల్లు కావాలని కన్నీళ్లు పెట్టుకోనక్కరలేదు. పూర్వం ఈ నోటీసుతోనే కేసులు తారుమారయ్యేవి. కిరాయి నెల ఏ రోజుతో ముగుస్తుందో ఆ రోజుకే నోటీసు గడువు కూడా ముగియాలని ఉండేది. ఒక్క రోజు తేడా వస్తే దావా కొట్టేసేవారు, ఓనరు మళ్లీ మొదటికి. ప్లీడరు సారు తరం వకీళ్లకు క్యాలెండర్ ముందేసుకుని నోటీసు రాయడం ఒక విద్య. 2002 చివర సవరణ వచ్చి ఆ మెలిక పోయింది. నోటీసు అందిన నాటి నుంచి పదిహేను రోజులు గడిచాక దావా వేస్తే చాలు. పోస్టులో పంపొచ్చు, చేతికివ్వొచ్చు, ఇంట్లోవాళ్లకు ఇవ్వొచ్చు, వీలుకాకపోతే ఇంటికి అతికించొచ్చు. నోటీసు ఇచ్చాక కూడా కిరాయి తీసుకుంటే "నోటీసు వదిలేసుకున్నాడు" అన్న వాదన లేస్తుంది. కాబట్టి తీసుకునే రసీదు మీద, నోటీసు హక్కు వదలకుండా వాడకానికి పరిహారంగా తీసుకుంటున్నానని రాయండి.

ఒక మినహాయింపు ఈ ఊరికి ముఖ్యం. వ్యవసాయానికి, వస్తువుల తయారీకి ఇచ్చిన ఆస్తికి నోటీసు పదిహేను రోజులు కాదు, ఆరు నెలలు. షెడ్డు ఇచ్చారు, అతను దాంట్లో సిమెంటు ఇటుకలు పోస్తున్నాడా, ఊరికే సామాను పెట్టుకున్నాడా అన్నదాన్ని బట్టి మీ నోటీసు నిలుస్తుంది లేదా కూలుతుంది. దేనికిస్తున్నారో రాసుకోండి.

రెండో తప్పుడు నమ్మకం తాళం. కిరాయి ఇవ్వడం లేదని తాళం మీద తాళం వేయడం, మోటరు ఆపడం, మీటరు దగ్గర ఫ్యూజు పీకడం, బాత్రూం తలుపు తీసేయడం. నా ఇల్లు, నా ఇష్టం అంటారు. చట్టం అలా చూడదు. చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టబడినవాడు ఆరు నెలల్లోగా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న జోలికే పోకుండా కోర్టు అతన్ని తిరిగి లోపల కూర్చోబెడుతుంది. ఆ తీర్పు మీద అప్పీలు కూడా లేదు. రెంట్ కంట్రోల్ పరిధిలోని భవనంలో నీళ్లు, కరెంటు ఆపితే 14వ సెక్షన్ వేరే ఉంది. పదిహేను రోజుల నోటీసుతో న్యాయంగా గెలిచే కేసును ఒక తాళంతో ఓడిపోయిన ఓనర్లను చూశాను. అందులో ఒకాయన చదువుకున్న మనిషి, మనకు పాఠాలు చెప్పిన మనిషి. కోపంలో చదువు పనిచేయదు.

బజారులోని పాత మడిగెలవాళ్ల గురించి కొంచెం. వాళ్లు 1960 చట్టం 10వ సెక్షన్ కింద రెంట్ కంట్రోలర్ ముందుకు, అంటే ఇక్కడి జూనియర్ సివిల్ జడ్జి ముందుకు పోవాలి. కారణం చూపించాలి. కిరాయి ఎగ్గొట్టడం, ఓనరు రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం, ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడటం, భవనాన్ని పాడుచేయడం, నాలుగు నెలలు ఏకబిగిన మూసిపెట్టడం, ఓనరు హక్కునే కాదనడం, ఓనరుకు నిజంగా సొంత అవసరం పడటం. ఈ చట్టం కింద ఓనరు చేసే పాత ఎత్తు ఒకటుంది. కిరాయి తీసుకోకుండా తప్పించుకు తిరిగి, తర్వాత "ఎగ్గొట్టాడు" అని కేసు వేయడం. దానికి 8వ సెక్షన్ విరుగుడు ముందే రాసిపెట్టింది. కిరాయిదారు, బ్యాంకు ఖాతా చెప్పమని నోటీసిస్తాడు. పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డరు పంపుతాడు, కమిషను కూడా కిరాయిలోంచే కోసుకుని. అదీ తీసుకోకపోతే కోర్టులో కడతాడు.

ఇంకొకటి, అడ్వాన్సు. ఈ చట్టం కిందికి వచ్చే భవనానికి ఒక నెల కిరాయిని మించి అడ్వాన్సు తీసుకోకూడదని 7వ సెక్షన్. గుడ్‌విల్ పేరిట లక్షలు తీసుకునే బజార్లో ఈ మాట వింటే నవ్వొస్తుంది. కాని 1989లో సుప్రీంకోర్టు నవ్వలేదు. గూడూరులో మోడరన్ హోటల్ కేసు. కిరాయి బాకీపడ్డాడని హోటల్‌ను ఖాళీ చేయించబోయాడు ఓనరు. అతని చేతిలో నెల కిరాయిని మించిన అడ్వాన్సు ఉంది. చట్టం ఒప్పని డబ్బు నీ దగ్గర పెట్టుకుని, కిరాయిదారు ఎగవేతదారు అంటే ఎట్లా అన్నది కోర్టు. ఓనరు ఓడిపోయాడు. చట్టం బయటి ఇళ్లకు అడ్వాన్సు మీద పరిమితి లేదు. ఎంత తీసుకున్నారో, దేనికి కోసుకుంటారో, ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో రాసుకోవడమే అక్కడి రక్షణ. సున్నాలు వేయించిన ఖర్చు మొత్తం అడ్వాన్సులోంచి కోసేయడం మన దగ్గర రివాజు. 1882 చట్టమైతే మామూలు వాడకంలో అరిగినదానికి కిరాయిదారు బాధ్యుడు కాడంటుంది. అదే చట్టం, ఓనరు చేయించాల్సిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చును కిరాయిలో మినహాయించుకోవచ్చు కూడా అంటుంది.

కోర్టంటే భయపడేవాళ్లకు మూడు సంగతులు. 2022 జూన్ 2 నుంచి మెదక్‌కు సొంత జిల్లా కోర్టుంది, అప్పీలు కోసం సంగారెడ్డి బస్సెక్కనక్కరలేదు. ఓనరు కిరాయిదారు మీద వేసే దావాకు కోర్టు ఫీజు ఇంటి విలువ మీద కాదు, ఏడాది కిరాయి మీద లెక్కగడతారు. కేసు నడుస్తున్నంత కాలం ఊరికే ఉండొచ్చనుకునే కిరాయిదారుకు సివిల్ ప్రొసీజర్‌లో మన రాష్ట్రం చేర్చుకున్న ఆర్డర్ 15-ఏ ఉంది. బకాయి కట్టకపోతే అతని వాదననే కొట్టేయొచ్చు.

కిరాయి చట్టాలు పట్టించుకోని ఒక విషయం చెప్పకుండా దిగిపోతే ప్లీడరు సారు క్షమించడు. "మీరేమిట్లు?" అని అడిగి ఇల్లు లేదనడం మెదక్‌లోనూ ఉంది, ఇక్కడా ఉంది. డైట్‌లో టీచరు శిక్షణకు వచ్చిన అమ్మాయికి కులం పేరు చెప్పగానే గది "ఇప్పుడే వేరేవాళ్లకు మాట అయిపోయింది" అవుతుంది. 1960 చట్టంలో గాని, 1882 చట్టంలో గాని దీని మీద ఒక్క వాక్యం లేదు. రాజ్యాంగం 15వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేస్తుంది, ఇంటి ఓనరును నేరుగా కాదు. రేపు ఆమె మీ మనవరాలికి అ, ఆలు నేర్పడానికి రాబోతోంది. నేను ఇక్కడ చట్టం చెప్పడం లేదు, సిగ్గు గురించి చెబుతున్నాను.

చివరగా, రాబోయే చట్టం గురించి అడుగుతున్నారు. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా కిరాయి చట్టాన్ని ఆమోదించింది. కిరాయి విషయం రాష్ట్రాల చేతిలోది గనక, ఏ రాష్ట్రం చేసుకుంటే ఆ రాష్ట్రంలోనే అది అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే, 2017 పేరిట, తన కొత్త చట్టం తాను చేసుకుంది. నమూనా చట్టంలో ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలకు, వ్యాపారానికి ఆరు నెలలకు మించకూడదు. ఒప్పందాన్ని రెండు నెలల్లోగా డిప్యూటీ కలెక్టర్ స్థాయి అధికారికి తెలపాలి. గడువు దాటి కదలని కిరాయిదారు మొదటి రెండు నెలలు రెండింతలు, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలి. ఈ చివరి మాట మన ఓనర్లకు బాగా నచ్చింది, ఇప్పటి నుంచే బాండ్ పేపర్లలో "నాలుగింతలు" అని టైపు చేయిస్తున్నారు. ఆ పత్రం రిజిస్టరు కాకపోతే షరతే చెల్లదు. రిజిస్టరైనా, ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ కింద ఎంత రాసుకున్నా కోర్టు అందులో సమంజసమైనంత మేరకే ఇప్పిస్తుంది. చుట్టుపక్కల అలాంటి ఇంటికి ఎంత కిరాయి వస్తోందో రుజువు పెట్టుకోండి, మీకు దక్కేది దాన్ని బట్టే తేలుతుంది.